ధ్రువపు ఎలుగుబంటిని చూపించారు సరే, ఉప్పాడ ఒడ్డు ఏదండీ?

సైన్స్ మ్యూజియంల అధికారులకు, వాతావరణ మార్పుపై ప్రదర్శనలు తయారుచేసే డిజైనర్లకు, వాటికి నిధులిచ్చే శాఖల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను తూర్పు తీరంలో ఒక జెడ్పీ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే పంతుల్ని. బడిలో ఒక పీరియడ్‌లో తేల్చేసే సంగతికి మీరు ఒక హాలంతా కేటాయిస్తున్నారు. అందుకు ధన్యవాదాలు.

కిందటి చలికాలం మా పిల్లల్ని ఒక నగరంలో పెట్టిన ఇంటరాక్టివ్ ప్రదర్శనకు తీసుకెళ్లాం. ఏ నగరమో చెప్పను, ఎందుకంటే ఇబ్బంది ఆ ఒక్క హాలుది కాదు. తిరిగొచ్చాక, అక్కడ చూసినవీ సరిచేయాల్సినవీ వివరంగా రాసి నిర్వాహకులకు పంపాం. జవాబు రాలేదు. మళ్లీ రాశాం. ఫోన్ చేస్తే డిజైన్ ఏజెన్సీని అడగమన్నారు. ఏజెన్సీ వాళ్లేమో బొమ్మలు మావి, విషయం శాఖది అన్నారు. ఇద్దరి మధ్యా మా కాగితం ఎక్కడో ఆగిపోయింది. అందుకని ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఇలాంటి ప్రదర్శనలు ఇంకా వస్తాయి, వాటికి ప్రజల డబ్బే ఖర్చవుతుంది, వాటిని చూడటానికి మావాళ్లే బస్సు అద్దెకు చందాలేసుకుని వస్తారు.

మేం చూసినవి ఇవి.

1. మొదటి గదిలోనే సైన్స్ తప్పింది.

గాజు తొట్టిలో నీళ్లు, అందులో తేలుతున్న ఐసు దిమ్మ, పైన వేడి బల్బు. బటన్ నొక్కితే బల్బు వెలుగుతుంది. "ధ్రువాల మంచు కరిగితే సముద్రం పెరుగుతుంది" అని పక్కన బోర్డు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తొట్టి మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, తోటివాళ్లంతా ముందు గదులకు పోయినా కదలకుండా అక్కడే నిలబడింది. ఐసంతా కరిగింది. నీళ్లు మాత్రం గీత దాటలేదు. "సార్, పెరగలేదు" అంది. తెల్లకోటు వేసుకున్న వాలంటీరు "ఇంకాసేపు చూడమ్మా" అన్నాడు.

రాత్రంతా చూసినా పెరగదు. తేలే మంచు తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు నెట్టి ఉంటుంది. ఇది హైస్కూలు పాఠమే. సముద్రాన్ని పెంచేది నేల మీద ఉన్న మంచు: గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలు, కొండల మీది హిమానీనదాలు. తొట్టిలో రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద ఐసు పెట్టి ఉంటే ఆ పిల్ల గీత మునిగేది.

అసలు సంగతిలో మిగతా సగం ఆ గదిలో లేనే లేదు. 1971 నుంచి 2018 వరకు పెరిగిన సముద్ర మట్టంలో దాదాపు సగానికి కారణం మంచు కాదు, వేడెక్కిన నీరు వ్యాకోచించడం అని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ ఆరో నివేదిక చెబుతోంది. దీన్ని చూపించడానికి లక్షలు అక్కర్లేదు. నిండా రంగు నీళ్లు పోసిన ఫ్లాస్కు, రబ్బరు బిరడా, దాంట్లో దూర్చిన సన్న గాజు గొట్టం చాలు. ఫ్లాస్కును వేడినీళ్ల గిన్నెలో పెడితే కాసేపటికి గొట్టంలో రంగు పైకి పాకడం కళ్లారా కనిపిస్తుంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అంటే ఇంచుమించు జానెడు. జానెడే కదా అని ఊళ్లో ఉన్నవాళ్లకు అనిపించవచ్చు. అమావాస్య పోటు మీద తుఫాను వచ్చి పడితే, గుమ్మం దగ్గర ఆగాల్సిన నీళ్లు బియ్యం డబ్బా దాకా రావడానికి ఆ జానెడు చాలు.

2. మా సముద్రం మీ మ్యాపులో లేదు.

ప్రదర్శనలో ఆర్కిటిక్ ఉంది, మాల్దీవులు ఉన్నాయి, వెనిస్ కూడా ఉంది. 970 కిలోమీటర్లకు పైగా తీరం ఉన్న రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లలకు వాళ్ల తీరం మాత్రం కనిపించలేదు. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు సంగతి తెలియనివాళ్లు మా జిల్లాల్లో ఉండరు. వాయుగుండం పడిందంటే చాలు, ఆ రోడ్డు తెగుతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ తెగుతుంది. రక్షణగా వేసిన జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ అలల దెబ్బకు చిరిగి ఛిద్రమైంది. రాళ్లు పోస్తే అవీ కదిలిపోతాయి. తుఫాను తగ్గగానే జనం ఒడ్డున ఇసుక జల్లెడ పట్టి బంగారు రేణువులు వెతుక్కోవడం 2020లో నివర్ తుఫాను తర్వాత టీవీల్లోనూ వచ్చింది. వార్తల్లో దాన్ని వింతగా చూపించారు. సముద్రంలో కలిసిపోయిన ఇళ్లూ గుళ్లూ అక్కడ ఎన్నో ఉన్నాయి కాబట్టే ఇసుకలో బంగారం దొరుకుతుందని ఊరివాళ్ల మాట.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బహుశా అందుకే మీరు ఉప్పాడ జోలికి రాలేదేమో. ఉప్పాడ కోతకు వాతావరణ మార్పు ఒక్కటే కారణం కాదు. గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. రేవు కోసం కట్టిన అడ్డుగోడలు ఒడ్డు వెంట ఉత్తరానికి నడిచే ఇసుకను ఆపుతున్నాయి. కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలండ్ ఇసుక తిన్నె పెరిగేకొద్దీ అలలు వచ్చి తగిలే తీరు మారింది. వీటి పైన సముద్ర మట్టం పెరుగుదల. నిజాయతీ ఉన్న ప్రదర్శన ఈ నాలుగింటినీ విడివిడిగా చూపించాలి. అన్నిటినీ వాతావరణం ఖాతాలో వేస్తే, కట్టడాలు కట్టినవాళ్లు హాయిగా తప్పించుకుంటారు. అసలు వాతావరణం పేరే ఎత్తకపోతే రేపు ఇంకా ఎంత పోతుందో ఎవరికీ తెలియదు.

దీనికి మా బడిలో మేం చేసిన మోడల్ ఒకటుంది. పొడవాటి రేకు తొట్టి, ఒక పక్కన వాలుగా పోసిన ఇసుక, ఎదుటి మూల నుంచి ఏటవాలుగా అలలు లేపడానికి ఒక చెక్క పలక. పలక ఆడిస్తూ ఉంటే ఇసుక మెల్లగా ఒడ్డు వెంట నడుస్తుంది. మధ్యలో ఒక ఇటుకను ఒడ్డుకు అడ్డంగా పెట్టండి. కాసేపట్లో ఇటుకకు ఒకవైపు ఇసుక మేట వేస్తుంది, రెండోవైపు ఒడ్డు లోపలికి కోసుకుపోతుంది. అప్పుడు ఒక చెంబు నీళ్లు అదనంగా పోసి మళ్లీ అలలు లేపండి. కోత ఎక్కడికి పోతుందో పిల్లలే చెబుతారు. మా బడిలో ఈ తొట్టి చూసిన, చేపల వేటకు పోయే ఒకాయన పలక తీసుకుని కోణం మార్చాడు. "నైరుతి గాలికి అల ఇట్టా రాదండి, ఇట్టా వస్తాది" అన్నాడు. మోడల్ అంతకు ముందుకన్నా బాగా పనిచేసింది.

3. లెక్కల మిషన్ పేద పిల్లల్ని దోషుల్ని చేసింది.

కార్బన్ లెక్క తేల్చే టచ్ స్క్రీన్ ముందు పెద్ద క్యూ. ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతారు? మీ ఇంట్లో ఏసీలు ఎన్ని? కార్లు ఎన్ని? మా కుర్రాడొకడు అన్నిటికీ సున్నా నొక్కాడు. చివర్లో ఏడుపు ముఖంతో ఉన్న భూగోళం బొమ్మ వచ్చి, "నువ్వు ఇంకా మెరుగుపడాలి, అనవసరంగా లైట్లు వేయకు" అంది. వాళ్లింట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను.

మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఏడాదికి దాదాపు 2 టన్నులు. ప్రపంచ సగటు 4 టన్నుల పైన. అమెరికాలో అది దాదాపు 14 టన్నులు. మన 2 టన్నుల్లోనూ ఎవరి వాటా ఎంతో చెప్పే బోర్డు లేదు. మన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గు నుంచే వస్తోంది. రామగుండం, కొత్తగూడెం, సింహాద్రి చిమ్నీలను రైల్లోంచి చూడని తెలుగువాళ్లు తక్కువే. ప్రదర్శన మొత్తంలో బొగ్గు అన్న మాట నాకు ఒక్కచోటా కనపడలేదు. బొగ్గు మీద బతికే సింగరేణి కుటుంబాల గురించి, వాళ్ల రేపటి గురించి ఎలాగూ లేదు. చివర మాత్రం "నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను" అనే గోడ, దాని మీద అతికించడానికి ఆకు ఆకారపు కాగితాలు! బాధ్యత ఎవరిదో చెప్పకుండా పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించడం బడిలో మేమూ చేస్తాం. అందుకే దాని విలువ ఎంతో నాకు తెలుసు.

4. ఎండ గురించి ఏసీ గదిలో గ్రాఫు పెట్టారు.

గ్రాఫు సరైనదే. కానీ ఎండ మన జనానికి గ్రాఫు కాదు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,700 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పనిచేసే కూలీలు. ఆ ప్రస్తావన లేదు. టికెట్ల కోసం మా పిల్లలు నీడ లేని చోట గంటసేపు నిలబడ్డారు, అదృష్టం కొద్దీ చలికాలం.

ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది. రెండు థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, ఫ్యాను కింద పెట్టండి. తడి బల్బు చూపే అంకె, చెమట ఆరి ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో చెబుతుంది. 44 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉంటే తడి బల్బు దాదాపు 25 చూపిస్తుంది. 36 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే దాదాపు 31 చూపిస్తుంది. తీరంలో ఉక్కపోతకు మనిషి ఎందుకు కూలబడతాడో, "అక్కడ 44 ఉంది, మీకు 36యే కదా" అనే మాట ఎందుకు తప్పో, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. వరి కోత కూలీకీ, ఉప్పు మడి కార్మికుడికీ, మేస్త్రీకీ ఇది ప్రాణాలకు సంబంధించిన లెక్క. ఎన్ని గంటలకు పని ఆపాలి, కాంట్రాక్టరును ఏమని అడగాలి అన్నది ఈ లెక్క నుంచే వస్తుంది.

జర్మనీలో బ్రెమర్‌హావెన్ రేవులో 2009లో తెరిచిన క్లిమాహౌస్ అనే ప్రదర్శనశాల ఉంది. అక్కడ సందర్శకులు ఒకే రేఖాంశం వెంట గదులు దాటుతూ ఎడారి వేడినీ, ధ్రువపు చలినీ ఒంటితో తెలుసుకుంటారు. మనకు భూగోళమంతా తిరగాల్సిన పనిలేదు. అనంతపురం పొడి గాలి గదిలో మొదలుపెట్టి, రామగుండం మీదుగా కాకినాడ ఉక్క గదిలో తేలితే చాలు.

5. భయం చూపించారు, బతికిన దారి చూపించలేదు.

తుఫాను గదిలో చీకటి, గాలి హోరు, నేల కదలడం. చిన్నపిల్లలు కొందరు ఏడ్చారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే పది వేల మందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ నేరుగా కొట్టినా మన రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. మధ్యలో ఏం జరిగింది? ఉపగ్రహాలు, రాడార్లు, తుఫాను షెల్టర్లు, ముందే ఊళ్లు ఖాళీ చేయించడం, మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగిన వీఆర్వోలు. ప్రాణాలు కాపాడటం మనకు చేతనైన పని అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? దాన్ని వదిలేసి ఫ్యాన్లతో హోరు పుట్టించారు.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల మీదే ఒక ఆట తయారుచేయవచ్చు. "మూడో నంబరు హెచ్చరిక" అని రేడియోలో వినడమే తప్ప, ఒకటి నుంచి పదకొండు దాకా ఒక్కో నంబరుకూ అర్థం ఏమిటో మా పిల్లల్లో చాలామందికి తెలియదు. పగలు శంకువులు, స్తూపాకారాలు కడతారు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు వెలిగిస్తారు. పదకొండో నంబరు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. పిల్లలకు ఒక ఊరిని అప్పగించండి: ఇన్ని పడవలు, ఇంతమంది ముసలివాళ్లు, ఒక నిండు గర్భిణి, ఒక షెల్టరు, షెల్టరుకు పోయే దారిలో ఒక కల్వర్టు. ఊళ్లో నేతవాళ్ల గుంట మగ్గాల్లోకి నీళ్లు రాకముందే జాందానీ చీరల పడుగు విప్పి అటక ఎక్కించాలి. ఏ నంబరు దగ్గర ఏం చేస్తారు? తప్పు నిర్ణయానికి ఫలితం చూపించండి. దృశ్యాన్ని కళ్ల ముందు నిలిపే వీఆర్ కళ్లద్దాలు ఉన్నా సరే, లేకపోయినా సరే, అట్టముక్కలతోనైనా ఈ ఆట నడుస్తుంది.

6. బటన్లు పనిచేయవు.

దీని గురించి ఎక్కువ రాయను. కనిపించిన వాటిలో చాలా వాటి మీద "మరమ్మతులో ఉంది" కాగితం ఉంది. తెలుగు వివరణ అడుగున చీమతలంత అక్షరాల్లో ఉంది. చక్రాల కుర్చీలో వచ్చిన మా విద్యార్థికి ఏ తెరా అందలేదు.

మీకు ఇవి చిన్న లోపాలుగా కనిపించవచ్చు. మా పిల్లల్లో చాలామందికి జీవితంలో ఇదొక్కటే సైన్స్ మ్యూజియం. వీళ్లే రేపు పడవ ఎక్కాలా వద్దా, అప్పు చేసి ఒడ్డునే ఇల్లు కట్టాలా, మే నెలలో మధ్యాహ్నం కూలికి పోవాలా అని తేల్చుకోవాల్సినవాళ్లు. తొట్టి దగ్గర నిలబడ్డ అమ్మాయి బస్సులో అడిగింది: "మరి మిగతా బోర్డుల మీద రాసింది కూడా తప్పేనా సార్?" వాతావరణ మార్పే బూటకం అని ఫోన్లలో తిరిగే వీడియోలకు ఇంతకన్నా మేలు ఎవరు చేయగలరు?

కాబట్టి మా డిమాండ్లు:

1. ఏ ప్రదర్శన అయినా తెరవడానికి ముందు పనిలో ఉన్న సైన్స్ టీచర్లతో, ఆ విషయం తెలిసిన విశ్వవిద్యాలయ పరిశోధకులతో ప్రతి మోడల్‌నూ పరీక్ష చేయించాలి. తప్పు దొరికితే సరిచేసి, ఏం సరిచేశారో ఆ మోడల్ పక్కనే రాసిపెట్టాలి.

2. ఏ జిల్లాలో పెడితే ఆ జిల్లాకు ఒక గది ఉండాలి. భద్రాచలం దగ్గరైతే 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు గోదావరి ఎక్కిన ఎత్తును గోడ మీద గీసి, పిల్లల్ని పక్కన నిలబెట్టండి. విజయవాడలో అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలో ఎంతెత్తు నిలిచాయో అక్కడివాళ్లే చేత్తో చూపిస్తారు. ఏది వాతావరణ మార్పు వల్ల, ఏది ఆక్రమణల వల్ల, ఏది కట్టడాల వల్ల అన్నది విడదీసి చెప్పాలి.

3. డిజైన్ దశలోనే మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు, నేతవాళ్లు, ఆశా కార్యకర్తలు కమిటీలో ఉండాలి. ప్రారంభోత్సవం రోజు శాలువా కప్పి పంపడం కాదు, కూర్చున్న ప్రతిరోజుకూ కన్సల్టెంటుకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. ఒక రోజు వేట మానుకుని వచ్చేవాడికి ఆ రోజు కూలి పోతుంది.

4. ప్రతిజ్ఞ గోడ తీసేసి, ఆ స్థానంలో బాధ్యత గోడ పెట్టండి: కరెంటు ఎలా తయారవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు, తీరంలో కట్టడాలకు అనుమతి ఎవరిస్తారు, మడ అడవులు నరికితే ఎవరికి ఫిర్యాదు చేయాలి, సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలి. ఖాళీ దరఖాస్తులు, పోస్టు డబ్బా అక్కడే ఉంచండి. నిధులిచ్చిన కంపెనీ ఉంటే దాని సొంత ఉద్గారాల లెక్క కూడా అదే గోడ మీద ఉండాలి. ఇది ఒప్పుకోని కంపెనీ డబ్బు వద్దు.

5. బడ్జెట్‌లో మరమ్మతుల వాటా ముందే పక్కన పెట్టాలి. స్థానిక ఐటీఐ కుర్రాళ్లు విప్పి బిగించగలిగిన వస్తువులతోనే మోడళ్లు చేయాలి. చెడిపోయిన మోడల్ వారంలోగా బాగుకాకపోతే తీసేసి, దాని చోట మనిషిని నిలబెట్టండి, నోటితో చెబుతాడు.

6. ప్రదర్శన జనం దగ్గరికి రావాలి. 2015 నుంచి 2017 దాకా సైన్స్ ఎక్స్‌ప్రెస్ రైలు ఇదే వాతావరణ అంశంతో, 16 బోగీలతో దేశమంతా తిరిగింది. స్టేషన్ లేని ఊళ్లకు రెండు బస్సులు చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ వేటకు పోయేవాళ్లు ఇంటి దగ్గరే ఉంటారు, పిల్లలకూ అందులో ఎక్కువ రోజులు సెలవులే. సాయంత్రం ఎండ తగ్గాక తెరిస్తే ఊరంతా వస్తుంది.

7. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబివ్వండి. మా పాత ఉత్తరాలతో పాటు ఇసుక తొట్టి, ఫ్లాస్కు, తడి బల్బు మోడళ్ల కొలతలు, ఖర్చు వివరాలు కూడా పంపాం. ఇంకోసారి కావాలంటే పంపుతాం. వచ్చే వేట నిషేధం మొదలయ్యేలోపు ఒక్క బస్సయినా మా ఒడ్డుకు పంపుతామని మాట ఇస్తే, దాన్ని నిలపడానికి చోటు, చూపించి చెప్పడానికి పిల్లలు, అలల కోణం సరిచేయడానికి పెద్దలు మా దగ్గర సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తోటి ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున